ఊరికి రండి, పుట్టింటికి కాదు

ప్రశ్న: నమస్కారం మేడమ్. నా వయసు 38. పుట్టి పెరిగింది, ఇంజనీరింగ్ చదివింది అంతా విజయవాడలోనే. మాది సత్యనారాయణపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్లయింది. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లోనే ఉన్నాం. మావారిది ఒంగోలు. పాప ఆరో తరగతి, బాబు రెండో తరగతి. నాన్న రెండేళ్ల క్రితం పోయారు. అన్నయ్య అమెరికాలో ఉంటాడు. అమ్మ ఒక్కతే మేడమీద ఉంటోంది. కింద పోర్షన్ ఈమధ్యే ఖాళీ అయింది. "ఎవరికో అద్దెకివ్వడమెందుకు, మీరే వచ్చెయ్యండి" అంటోంది. మా కంపెనీ ఇంటి నుంచే పని చేసుకోమంది. ఆయన నెలకో వారం బెంగళూరు వెళ్లొస్తే చాలు. ఇక్కడి ట్రాఫిక్‌తో, అద్దెలతో, నీళ్ల ట్యాంకర్లతో విసిగిపోయాం. కానీ ఒకప్పుడు ఆ ఊళ్లో ఊపిరాడక బయటపడ్డదాన్ని నేను. అత్తలు, పిన్నులు అందరూ ఆ నాలుగు వీధుల్లోనే ఉంటారు. 2024 వరద చూశాక ఆ భయం కూడా తోడైంది. పాపేమో రానంటే రానని ఏడుస్తోంది. సొంతూళ్లో ఉండటం నిజంగా మంచిదేనా? ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: అమ్మా, ముందు నా మాట చెప్పేస్తాను. విజయవాడ రండి. కానీ ఆ కింద పోర్షన్‌లోకి రావద్దు.

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. విజయవాడలో బతకడం ఒకటి, అమ్మ ఇంట్లో బతకడం ఇంకొకటి. మొదటిదాంట్లో మీ పరిస్థితికి లాభమే ఎక్కువ కనిపిస్తోంది. రెండోదాంట్లో మీరు, మీవారు, అన్నిటికంటే ఎక్కువగా మీ అమ్మగారు నష్టపోతారని నా భయం. ఆ భయం ఎందుకో చెబుతాను.

ఇంటి నుంచి పని అన్నారు కదా. ఆ పోర్షన్‌లో మీ రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి ఊహించుకోండి. పొద్దున పదకొండింటికి మీటింగులో ఉంటారు. గేటు చప్పుడవుతుంది. పిన్నిగారు కూరగాయల సంచీతో దారిలోనే కదా అని వచ్చారు. అమ్మ మేడమీద నుంచి పిలుస్తుంది, "ఒక్క నిమిషం వచ్చి పలకరించి వెళ్లవే, ఎండలో వచ్చింది పాపం" అని. మీరు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే వచ్చి, నవ్వి, మంచినీళ్లిచ్చి వెళ్తారు. సాయంత్రానికి ఆ వార్త రెండు వీధులు తిరుగుతుంది: "మనిషి మారిపోయింది, నిలబడి రెండు మాటలు మాట్లాడదు." పిన్నిగారు చెడ్డవారని కాదు. ఆవిడ దృష్టిలో మీరు ఇంట్లో ఉన్నారంటే ఖాళీగా ఉన్నట్టే. ఆఫీసంటే క్యారేజీ కట్టుకుని బస్సెక్కి వెళ్లేదని నమ్మిన తరం వాళ్లది. దీన్ని మీరు వాదించి మార్చలేరు. తలుపు వేరుగా ఉంటేనే మారుతుంది.

మీవారి సంగతి ఇంకా సున్నితమైంది. ఒంగోలు నుంచి వచ్చిన అల్లుడు, అత్తగారింట్లో కింద భాగంలో కాపురం, పగలంతా ఇంట్లోనే. మన ఊళ్లలో దీనికి 'ఇల్లరికం' అని ఒక్క మాటలో తీర్పు చెప్పేస్తారు. ఆయనకి ఎంత జీతం వచ్చినా, ఎంత పెద్ద ఉద్యోగమైనా, పెళ్లిళ్లలో "అల్లుడుగారు ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అన్న ప్రశ్న వినక తప్పదు. మొదట్లో నవ్వుతారు. ఆర్నెల్లకి పెళ్లిళ్లకి రావడం మానేస్తారు. మీ ఉత్తరంలో ఆయన నెలకో వారం వెళ్లొస్తారని ఉందిగానీ, ఆయనకి ఈ ఊరు రావాలని ఉందో లేదో ఎక్కడా లేదు. అడిగారా? వాళ్ల అమ్మానాన్నలు ఒంగోల్లో ఉంటే, వాళ్లకీ వయసు పైబడుతుంటే, ఆయన మనసులో ఇంకో లెక్క ఉండొచ్చు. విజయవాడ నుంచి ఒంగోలు మూడు గంటల ప్రయాణం. బెంగళూరుతో పోలిస్తే ఇది ఆయనకీ దగ్గరే. ఆ మాట ఆయనతో మీరు ముందుగా అనడం మంచిది.

ఇక అమ్మగారు. ఆమెని చూసుకోవడానికి వెళ్తున్నామనే అందరం బయల్దేరతాం. కొన్ని నెలలు తిరిగేసరికి ఆమే మనల్ని చూసుకుంటూ ఉంటుంది. పిల్లలకి టిఫిన్లు, స్కూలు బస్సు దగ్గర నిలబడటం, బాబుకి జ్వరమొస్తే పక్కన కూర్చోవడం, పనిమనిషి రాని రోజు అంట్లు కూడా. ఆవిడ అడగదు, మీరు చెప్పరు, పని మాత్రం ఆవిడ మీద పడిపోతుంది. సొంతూళ్లో బతుకు తేలిక అని చాలామంది చెప్పేది ఈ పని లెక్కలో వేసుకోకపోవడం వల్లే. ఆ తేలిక ఎవరి మోకాళ్ల మీద నడుస్తోందో చూడరు. ఈ రెండేళ్లలో ఆవిడ తనకంటూ ఒక రోజు కుదుర్చుకునే ఉంటుంది: సాయంత్రం గుడి, తోటి ఆడవాళ్లతో పారాయణం, టీవీ, తొమ్మిదింటికల్లా నిద్ర. భర్త పోయిన తర్వాత ఒక మనిషి తన రోజుని మళ్లీ నిలబెట్టుకోవడం చిన్న విషయం కాదు. దాన్ని మనం ప్రేమతోనే చెదరగొట్టేస్తాం. అందుకే ఆవిడ ఇంటికి నడిచి వెళ్లే దూరంలో ఇల్లు చూసుకోండి. అర్ధరాత్రి పిలిస్తే ఐదు నిమిషాల్లో చేరేంత దగ్గర. గిన్నెల చప్పుడు వినిపించనంత దూరం.

కింద పోర్షన్‌కి ఇంకో చిక్కుంది, ఇది డబ్బు వ్యవహారం. నాన్నగారు వీలునామా రాశారా? ఇల్లు ఆయన సంపాదించి కట్టినదై, వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, మీ అన్నయ్యకి, మీకు సమానంగా తలా ఒక వాటా వస్తుంది. ఇంట్లో నానమ్మ బతికి ఉంటే, అంటే నాన్నగారి తల్లి, ఆమెకీ ఒక వాటా. అంటే మీరు ఉండబోయేది ఉమ్మడి ఇంట్లో. వచ్చాక ఊరుకోరు కదా. బాత్రూము మారుస్తారు, వంటగది గట్టు మారుస్తారు, ఏసీలు పెట్టిస్తారు, గదికి గది కలుపుతారు. లక్షలు ఖర్చవుతాయి. పదేళ్లకి ఆ స్థలం అపార్టుమెంటుకి ఇద్దామని అన్నయ్య అంటే ఆ లక్షలు ఎవరి లెక్కలో వేస్తారు? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు ఈ ఊళ్లో నాకు చాలా తెలుసు. ఆస్తి తగాదా ఎక్కడా పెద్ద మాటతో మొదలవ్వలేదు. అద్దె కట్టకుండా ఉన్నారన్న ఒక చిన్న మాటతోనే మొదలైంది. ఆ పోర్షన్‌ని అద్దెకే ఇవ్వండి. ఆ అద్దె అమ్మగారి బ్యాంకు ఖాతాలో పడనివ్వండి. నెలనెలా తన చేతికి తన డబ్బు రావడం ఆవిడకి ఎంత ధైర్యమో మీకు నేను చెప్పక్కర్లేదు. మీరేం నిర్ణయించుకున్నా, బయల్దేరే ముందే అన్నయ్యకి ఫోన్ చేసి మాట్లాడి, మాట్లాడుకున్నది వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఒకప్పుడు ఊపిరాడలేదన్నారు. నాకు అర్థమవుతుంది. బీసెంట్ రోడ్డులో ఎవరితోనో నిలబడి మాట్లాడితే, స్కూటీ ఇంటికి చేరేలోపు అమ్మకి ఫోన్ వెళ్లిపోయే ఊరు ఇది. ఇరవై ఏళ్ల ఆడపిల్లకి అది జైలే. ఆ మాట తగ్గించి చెప్పను. కానీ ఆ రోజున ఆ ఫోనుకి విలువ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ఫోన్ ఎత్తిన మనిషి చేతిలో మీ చదువు, మీ పెళ్లి, మీ ఫీజు అన్నీ ఉన్నాయి. ఇవాళ మీ జీతం మీది, మీ కాపురం మీది. చూసేవాళ్లు ఇప్పుడూ చూస్తారు, చెప్పుకునేవాళ్లు ఇప్పుడూ చెప్పుకుంటారు. మీ మీద వాళ్లకి చెల్లుబాటయ్యేది మాత్రం ఏమీ లేదు. ఒక షరతు. వేరే ఇంట్లో ఉంటేనే ఇది నిజం. అదే ఇంట్లో దిగితే ఆ ఫోన్ మళ్లీ అమ్మకే వెళ్తుంది, ఆవిడ మళ్లీ మిమ్మల్నే అడుగుతుంది, మీకు మళ్లీ ఇరవై ఏళ్లొస్తాయి.

ఆ కళ్లే ఇంకో పని కూడా చేస్తాయి. అది మీరు బెంగళూరులో డబ్బు పెట్టి కొనలేరు. అమ్మగారికి రాత్రి రెండింటికి ఆయాసం వచ్చిందనుకోండి. ఎదురింటి వాళ్ల అబ్బాయి చొక్కా కూడా సరిగ్గా వేసుకోకుండా ఆటో పట్టుకొస్తాడు. వీధి చివర మెడికల్ షాపాయన ఇంటి తలుపు కొడితే తాళాలు పట్టుకుని కిందికి దిగుతాడు, ఎందుకంటే మీ నాన్నగారు ఆయనకి ముప్పై ఏళ్లుగా తెలుసు. సూర్యారావుపేట, గవర్నర్‌పేట వీధుల నిండా ఆస్పత్రులే. ఏ డాక్టరు నిదానంగా చూస్తాడో, ఎక్కడికి వెళ్తే ముందు పరీక్షల చీటీ చేతిలో పెడతారో ఊళ్లోవాళ్లకి తెలుసు, మీకూ చెబుతారు. పెద్ద సమస్య అయితే నది దాటగానే మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. పరాయి ఊళ్లో పెద్దవాళ్లని పెట్టుకుని చూసినవాళ్లకి ఈ తేడా తెలుస్తుంది. డబ్బుంటే అక్కడా ఆస్పత్రి దొరుకుతుంది. అక్కడ దొరకనిది రాత్రి రెండింటికి చొక్కా వేసుకోకుండా పరుగెత్తే పిల్లాడు.

ఒక విషయానికి మాత్రం మనసు సిద్ధం చేసుకోండి. ఊరు ఇక్కడే ఉందిగానీ మీ ఊళ్లో మీవాళ్లు చాలామంది లేరు. మీతో చదువుకున్నవాళ్లలో సగం మంది హైదరాబాద్‌లో, మిగతావాళ్లు అమెరికాలో ఉంటారు. మీరు వెళ్లినప్పుడు ఇది కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా, విజయవాడే దాని కేంద్రం. ఒకప్పుడు సత్యనారాయణపురంలో రైలు పట్టాలున్న చోట ఇప్పుడు బీఆర్టీఎస్ రోడ్డు. బెంజి సర్కిల్ మీద ఫ్లైఓవర్లు, కొండ పక్కన కనకదుర్గ ఫ్లైఓవర్ వచ్చాయి. స్వరాజ్ మైదానంలో జనవరి పుస్తకాల పండుగకి తిరిగిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడక్కడ 2024లో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం ఉంది. సొంతూరికి తిరిగొచ్చినవాళ్లు మొదటి ఏడాది పడే దిగులు చాలావరకు ఇదే. దారులన్నీ తెలుసు, ఫోన్ చేయడానికి ఒక్క పేరు దొరకదు. బెంగళూరు వెళ్లిన కొత్తలో మీరు స్నేహాలు చేసుకున్నారు కదా, ఎందుకంటే అక్కడ మీకెవరూ లేరని మీకు తెలుసు. ఇక్కడా అదే చేయాలి. చుట్టాలున్నారు కదా అని కూర్చుంటే చుట్టాలే మిగులుతారు.

ఇల్లు వెతికేటప్పుడు మీకు ఇంకో నిజం ఎదురవుతుంది. ఓనరు ముందు ఉద్యోగం అడుగుతాడు, తర్వాత ఇంటిపేరు అడుగుతాడు, దాంతో తేలకపోతే నేరుగా "మీరేమిట్లు?" అని కులమే అడిగేస్తాడు. ఏ పేటలో ఎవరుంటారో, ఎవరికి ఇల్లిస్తారో, ఎవరికివ్వరో ఈ ఊళ్లో అందరికీ తెలుసు, పైకి అనరంతే. బెంగళూరులోనూ ఇళ్ల దగ్గర రకరకాల ఆరాలు ఉన్నాయి. కానీ అక్కడ మీ ఇంటిపేరు చాలామందికి ఒట్టి అక్షరాలు. ఇక్కడ అది మీ తాతగారి దాకా వెళ్తుంది. మీ పిల్లలు ఇప్పటిదాకా ఈ ప్రశ్న విని ఉండరు. స్కూల్లో తోటి పిల్లలే ఒకరోజు అడుగుతారు. మీరు ఏం జవాబు చెప్పమని నేర్పిస్తారో ముందే ఆలోచించుకోండి. సొంతూరిని ప్రేమించేవాళ్లు ఈ సంగతి దాచిపెట్టి ఊరిని మెచ్చుకోవడం నాకు నచ్చదు.

వరద గురించి. మీ భయం న్యాయమైనదే, దాన్ని ఎవరు కొట్టిపారేసినా వినకండి. 2024 సెప్టెంబరు మొదట్లో ఊరిని ముంచింది ప్రధానంగా కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకి వెళ్లే ఏరు అది. వెలగలేరు దగ్గర దాన్ని మళ్లించి కృష్ణలో కలిపే కాలువ ఉంది. ఆ కాలువ గట్టుకి గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు జనం రోజుల తరబడి మేడల మీద ఉండిపోయారు, పడవల్లో, డ్రోన్లలో భోజనం పొట్లాలు వెళ్లాయి. నీళ్లు తీశాక వీధుల్లో బురద పట్టిన ఫ్రిజ్‌లు, పరుపులు, పిల్లల పుస్తకాలు కుప్పలుగా పోసి ఉన్నాయి. అదే వరదలో కృష్ణలంక చాలావరకు బయటపడింది, నది వెంట కట్టిన రక్షణ గోడ వల్ల. 2009లో ఇంతటి వరదే వచ్చినప్పుడు మునిగింది ఆ నది ఒడ్డు వాళ్లే. అంటే 'విజయవాడ మునుగుతుంది' అనో 'మునగదు' అనో ఒక్క మాటలో చెప్పేది కాదు. ఏ పేట, ఏ వీధి, రోడ్డుకి ఆ ఇల్లు ఎంత ఎత్తు అన్నదే లెక్క. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఓనర్ని అడగకండి. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు ఆయన్ని అడగండి, "మొన్న వరదకి ఇక్కడ నీళ్లు ఎందాకా వచ్చాయండీ?" అని. ఆయన తన కౌంటరు మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. గ్రౌండ్ ఫ్లోర్ తీసుకోవద్దు. ఇది కింద పోర్షన్ వద్దనడానికి ఇంకో కారణం.

ఎండ గురించి రాయలేదు మీరు. పద్నాలుగేళ్లు బెంగళూరు గాలికి అలవాటుపడ్డాక మే నెల విజయవాడ మామూలుగా ఉండదు. చుట్టూ రాతి కొండలు, పక్కన నది. పగలు కాల్చుతుంది, రాత్రి ఉక్కపోస్తుంది. పుట్టి పెరిగిన మీకే కష్టం, మీ పిల్లలకి అసలు తెలియదు. కరెంటు బిల్లు, ఇన్వర్టరు ఖర్చు ముందే వేసుకోండి. అద్దెలో మిగిలేదాంట్లో కొంత దీనికే పోతుంది.

అందుకే ఒక సలహా. సంక్రాంతికో దసరాకో వచ్చి నిర్ణయం తీసుకోవద్దు. దసరాకి ఇంద్రకీలాద్రి దీపాలు చూస్తూ, అరిసెల వాసనలో సంక్రాంతి మూడు రోజులూ గడుపుతూ ఎవరైనా వచ్చేద్దామనే అనుకుంటారు. వేసవి సెలవుల్లో, మే నెలలో, నెల రోజులు రండి. అమ్మ ఇంట్లో కాకుండా ఎక్కడైనా చిన్న ఫ్లాట్ తీసుకుని ఉండండి. ఇద్దరూ అక్కడి నుంచే ఉద్యోగం చేయండి. ఆ ఎండలో, ఆ చుట్టాల మధ్య, ఆ మీటింగుల మధ్య మీ ఇద్దరికీ మాటల్లో చిరాకు ఎంత వస్తోందో చూసుకోండి. ఆ నెల తర్వాత కూడా రావాలనిపిస్తే అది నిజమైన కోరిక.

చదువు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఈ చుట్టుపక్కల రెసిడెన్షియల్ కాలేజీల చదువు మీకు తెలియనిది కాదు, మీరు దాన్లోంచే వెళ్లుంటారు. ఇప్పుడది ఆరో తరగతికే దిగింది, 'ఫౌండేషన్' అన్న పేరుతో. పాపని చేర్చిన వారానికే చుట్టాలు ర్యాంకు అడుగుతారు. స్కూలు చూసేటప్పుడు ఫలితాల ఫ్లెక్సీలు చూడకండి. ఆటస్థలం ఉందా, సాయంత్రం ఎన్నింటికి వదులుతారు, ఆదివారం పరీక్ష పెడతారా అని అడగండి. అలాంటి స్కూళ్లు తక్కువైనా ఉన్నాయి. ఇప్పుడు సీబీఎస్ఈలో ఉంటే ఇక్కడా అందులోనే చేర్చితే మార్పు తేలిక. పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోవచ్చు. దానికి కంగారు పడొద్దు, ఇక్కడ బోర్డులు చదువుతూనే ఏడాదిలో వచ్చేస్తుంది.

ఒక లెక్క మాత్రం గుర్తుపెట్టుకోండి, చాలామంది తల్లిదండ్రులకి ఆలస్యంగా తెలుస్తుంది. ఇంజనీరింగ్, మెడిసిన్ వంటి కోర్సుల్లో కన్వీనర్ సీట్లలో, అంటే ప్రవేశ పరీక్ష ర్యాంకుని బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం స్థానికులకే. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడ చదివితే స్థానికులు అవుతారు. అంటే పాప తొమ్మిదో తరగతి మొదలయ్యేలోపు రావాలి. ఇప్పుడు ఆరో తరగతి కాబట్టి మీకు తొందర లేదు, రెండేళ్ల వెసులుబాటు ఉంది. పదో తరగతి అయ్యాక చూద్దాం అనుకుంటే మాత్రం ఆ దారి కష్టమవుతుంది.

మీ ఉద్యోగం గురించి నాకు ఒక బెంగ ఉంది. ఇంటి నుంచి పని అని కంపెనీ నోటిమాటగా చెప్పిందా, కాగితం మీద ఇచ్చిందా? ఊరు మారితే జీతం తగ్గిస్తారా? ఏడాది తర్వాత అందరూ ఆఫీసుకి రండి అంటే ఏం చేస్తారు? విజయవాడ చుట్టుపక్కల గన్నవరం దగ్గర, మంగళగిరిలో ఐటీ కంపెనీలు ఉన్నాయిగానీ, పద్నాలుగేళ్ల అనుభవానికి తగ్గ ఉద్యోగం బెంగళూరులోలా నాలుగు చోట్ల దొరకదు. ఇద్దరి ఉద్యోగాలూ ఒకేసారి ఈ ఒప్పందం మీద ఆధారపడితే టెన్షన్ తప్పదు. కనీసం ఎనిమిది నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని బయల్దేరండి. గన్నవరం నుంచి బెంగళూరుకి నేరుగా విమానం ఉంది కాబట్టి మీవారి రాకపోకలు ఇబ్బంది కాదు.

దీనికి ముడిపడిన ఇంకో మాట. వచ్చీ రాగానే ఇల్లు, స్థలం కొనొద్దు. అమరావతికి 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగినప్పుడు చుట్టుపక్కల రేట్లు ఎలా ఎగిశాయో, 2019 తర్వాత ఎలా చల్లబడ్డాయో ఇక్కడివాళ్లం కళ్లారా చూశాం. 2025 మేలో పనులు మళ్లీ మొదలయ్యాక మళ్లీ ఫోన్లు మొదలయ్యాయి. మీరు బెంగళూరు నుంచి వస్తున్నారని తెలిస్తే మీ మావయ్య వరస ఆయన ఎవరో ఒకరు "మనవాళ్ల వెంచరు" అంటూ తప్పకుండా వస్తారు. సొంతూళ్లో చుట్టాన్ని కాదనడం కష్టం కాబట్టే సొంతూళ్లో డబ్బు పోగొట్టుకోవడం తేలిక. రెండేళ్లు అద్దెకుండండి. అడిగినవాళ్లకి "ఆయన ఒప్పుకోవట్లేదండీ" అని చెప్పండి, ఆయన "ఆవిడ ఒప్పుకోవట్లేదు" అంటారు. కారు కర్ణాటక నంబరుతో ఏడాదికి మించి ఇక్కడ తిప్పితే ఆంధ్రాలో తిరిగి రిజిస్టర్ చేయించాలి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, బయల్దేరే ముందే తెచ్చుకోండి.

చివరికి పాప. పదకొండేళ్ల పిల్ల ఏడుస్తోందంటే అది మొండితనం కాదు. మీకు విజయవాడ ఎలాగో దానికి బెంగళూరు అలాగ. దాని సొంతూరు అదే. మీరు మీ ఊరికి తిరిగి వెళ్తున్నారు, అది తన ఊరిని వదిలి వస్తోంది. "అమ్మమ్మ ఊరు, ఎంత బాగుంటుందో" అని ఊరించకండి. అమ్మమ్మ ఊరు సెలవులకి బాగుంటుంది, ఉండటానికి ఎలా ఉంటుందో దానికి తెలియదు, మీరూ ఇప్పుడే తెలుసుకోబోతున్నారు. ఎందుకు వెళ్దామనుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి: అమ్మమ్మ ఒక్కతే ఉంది, మాకు దిగులుగా ఉంది అని. మే నెల ప్రయోగంలో దాన్నీ లెక్కలోకి తీసుకోండి. రెండు మూడు స్కూళ్లు దాన్ని వెంటబెట్టుకుని చూడండి, నచ్చనిదాని గురించి చెప్పింది వినండి. అది చేస్తున్న డాన్సో, ఈతో, చదరంగమో ఇక్కడ ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని చూపించండి. ఏడాదికి రెండుసార్లు బెంగళూరు తీసుకెళ్తానని మాటిస్తే ఆ మాట నిలబెట్టుకోండి. ఎలాగూ మీవారు నెలనెలా వెళ్తారు, ఒక దసరా సెలవులకి దాన్నీ తీసుకెళ్లొచ్చు.

మే నెలలో వచ్చినప్పుడు అమ్మగారిని ఒక్కరినే, మీ పిన్నిగారు లేనప్పుడు కూర్చోబెట్టి అడగండి: "అమ్మా, కింద ఇంట్లో కాకుండా దగ్గర్లో వేరే ఇల్లు తీసుకుంటే నీకు కష్టంగా ఉంటుందా?" మొదట "జనం ఏమనుకుంటారు" అంటుంది. ఆ మాటకి మీరు ఏమీ అనొద్దు, కాసేపు ఆగండి. ఆ తర్వాత చెప్పేదే ఆవిడ అసలు మాట. దాన్ని బట్టి టు-లెట్ బోర్డులు చూడటం మొదలుపెట్టండి.